ఒక్క అప్పు, రెండు గుమ్మాలు

ఒక్క గంట ఆగండి బాబూ అని అనైతే అన్నది గానీ, ఆ గంటలో తాను ఏం చెయ్యగలదో వీధి మలుపు తిరిగేదాకా భూలక్ష్మికి తోచనే లేదు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి వచ్చేసింది. వెనక తన ఇంటి ముందు ట్రాక్టరు ఆగి ఉంది. దాని తొట్టిలో ఎవరెవరి ఇళ్ళలోంచో తెచ్చిన సామాన్లు, ఒక నవారు మంచం, ఒక సైకిలు, కుట్టుమిషను, తాడుతో కట్టిన నల్లటి చెక్కలేవో. అరుగు మీద సహకార సొసైటీ నుంచి వచ్చిన శామ్యూల్ గారు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన వెంట వచ్చిన వడ్రంగి గుమ్మానికెదురుగా గొంతుక్కూర్చుని, కంసాలి నగ వంక చూసినట్టు, ఆ తలుపుల బందుల వంక చూస్తున్నాడు. మర్యాదస్తుడే ఆ శామ్యూల్ గారు. మాటలన్నీ మెత్తగానే చెప్పారు, పాత బాకీలండీ అమ్మగారూ, మార్చి నెలాఖరండీ, పైనుంచి ఒకటే ఒత్తిడండీ, మీ ఆయనగారు జామీను సంతకం పెట్టేరండీ, బాకీదారు కట్టకపోతే జామీనుదారు కట్టాలండీ, కట్టిన రోజున మీ తలుపులు మీకు పువ్వుల్లో పెట్టి ఇచ్చేస్తామండీ. ఎంత మెత్తగా చెబితే మాత్రం, ఇంటి తలుపులు ఊడదీస్తామన్న మాట మెత్తగా ఉంటుందా. ఇరవై మూడేళ్ళ నాటి అప్పు. పుచ్చుకున్నవాడు లేడు, పూచీ పడ్డవాడూ లేడు. తాను ఆ డబ్బులో ఒక్క నోటు కంటితో చూసింది కాదు. మధ్యలో ఊరందరి అప్పులూ మాఫీ అయిన ఏడు కూడా, పడవ కోసం తీసుకున్నది వ్యవసాయం కిందికి రాదని దీన్నొక్కదాన్నీ పక్కన పెట్టారు. పక్కన పెడితే పోయిందనే అనుకుంది. అది పోలేదు, సొసైటీ బీరువాల్లో ఎక్కడో తిండి తింటూ, వడ్డీ మీద వడ్డీతో ఒళ్ళు చేసి, ఇవాళ ట్రాక్టరెక్కి వచ్చింది.

ఆదివారం రాజోలు వాళ్ళు వస్తున్నారు, ఇంక నాలుగు రోజుల్లోకి. పిల్ల పేరు జ్యోతిర్మయి, నర్సు ట్రైనింగయింది, తామంతా వెళ్ళి చూసి వచ్చారు, కొడుకు సాయిబాబు అయితే వచ్చిన దగ్గర్నుంచి ఊరికే నవ్వుకుంటున్నాడు. ఇప్పుడు వాళ్ళు ఇల్లు చూసుకోడానికి రావాలి. ఇల్లు చూసుకోడానికి వచ్చేవాళ్ళు ముందు చూసేది గుమ్మమే కదా. ఆ గుమ్మం మామగారు చేయించింది. రాజమండ్రి వెళ్ళి కలప అడితిలోనే మకాం పెట్టి, దుంగ దుంగా తట్టి చూసి, టేకు ఎంచుకుని తెచ్చి, రెండు రెక్కల మీదా చిలకలూ మామిడి పిందెలూ చెక్కించారు. తాను కొత్తకోడలుగా వచ్చి ఆ గుమ్మంలో నిలబడితే ఆడపడుచులు అడ్డం నిలబడి మొగుడి పేరు చెబితే గానీ లోపలికి రానివ్వమన్నారు, అప్పుడు ఎవరి మొహమూ చూడలేక కుడి రెక్క మీద చిలక వంక చూస్తూ గంగాధరరావు గారండీ అని ఆ చిలకకే చెప్పింది. శుక్రవారం శుక్రవారం కొబ్బరినూనె పెట్టి తుడిచేది. మొన్నటి నవంబరు తుఫానులో, మొన్న ఎక్కడిది, ఏడాదిన్నర కావస్తోంది, తానూ సాయిబాబూ ఆ తలుపులకి వీపులు ఆనించి కూర్చున్నారు, బయట గాలి రాక్షసిలా తోస్తుంటే వీపుకి చెక్క అదరడం తెలిసేది. పెంకులు లేచిపోయాయి, తోటలో చెట్లన్నీ ఒక్క వైపుకే తలలు పెట్టి పడుకున్నాయి, తలుపులు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తోట అలా పడుకోవడం చూడకుండా సాయిబాబు నాన్న ముందే పోయాడు. పోనీ, ఆ ఒక్కటీ చూడలేదు. వేసిన మొక్కలు ఇంకా మోకాలెత్తున ఉన్నాయి, అవి కాపుకొచ్చేదాకా సాయిబాబు జీతమే, మామిడికుదురు అవతల గ్యాసు తవ్వేచోట జీపు నడిపితే వచ్చే జీతం. వాడు సాయంత్రానికి గానీ రాడు. వచ్చి చూస్తాడు, తలుపులుండవు. ఏమంటాడు. ఏమీ అనడు, వాళ్ళ నాన్నలాగే. అదే బాధ.

బంగారయ్య గారి కొబ్బరి కొట్టు ముందు కాళ్ళు వాటంతటవే ఆగాయి. లోపల కాయలు ఒలుస్తున్న చప్పుడు, పీచు వాసన. అడగాలని నోటి దాకా వచ్చింది. ఆయన తల ఎత్తి, "ఏమ్మా భూలక్ష్మీ, ఈ ఎండలో ఎక్కడికి బయల్దేరేవూ?" అన్నాడు, ట్రాక్టరు సంగతి అప్పటికే తెలిసిన మొహంతో. "ఇక్కడికేనండి బాబాయి గారూ" అన్నది. తుఫానులో పడిపోయిన చెట్ల కాయలకి కూడా ముందే డబ్బిచ్చి ఉన్నాడాయన, తిరిగిమ్మని ఇంకా ఒక్క మాట అడిగింది లేదు, మంచివాడి దగ్గర ఇంకెంత అడుగుతుంది మనిషి. కాళ్ళు మళ్ళీ కదిలాయి. అప్పుడు తెలిసింది తాను ఎటు వెడుతోందో. ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టినప్పటి నుంచీ కాళ్ళకు తెలుసు, తనకే తెలీలేదు. కాలువ గట్టు పట్టుకుని బుచ్చమ్మ ఇంటికి. ఇంకెవరి దగ్గరికి వెడుతుంది. అప్పు వాళ్ళది. వాళ్ళాయన తిన్నది. నిలదీసి అడగాలి, ఏం బుచ్చమ్మా, ఇన్నేళ్ళూ ఈ గట్టు మీద పీచు తాళ్ళు పేనుకుంటూ నీ బతుకు నువ్వు బతికేవు, నా ఇంటి మీదికి ట్రాక్టరు వచ్చింది, నీకు తెలుసా. నా కొడుక్కి సంబంధం చెడితే నువ్వు తెచ్చి ఇస్తావా. ఇలా అనాలి. ఇంకా అనాలి. మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, గట్టు మీద మట్టి అరికాళ్ళకి చుర్రుమంటోంది, చుర్రుమన్న కొద్దీ మాటలకి పదును వస్తోంది.

కాలువలో నీళ్ళు తగ్గిపోయి ఉన్నాయి, గుర్రపుడెక్క ఒడ్డు నుంచి ఒడ్డుకి అల్లుకుంది. ఇందులో ఇప్పుడు పడవ నడిచిందంటే ఎవరు నమ్ముతారు. అప్పుడు ఒడ్డు ఒరిసి నీళ్ళుండేవి. బుచ్చమ్మ మొగుడు సూరయ్య, సాయిబాబు నాన్నని బావా బావా అని పిలుస్తూ వెనకే తిరిగేవాడు. సొంత పడవ ఒకటుంటేనా బావా, మన ఊరి కాయలన్నీ నేనే దించుకొస్తాను, ఒకళ్ళకి కూలి ఇవ్వక్కర్లేదు అనేవాడు. ఈయన మూడు రోజులు ఆలోచించాడు. సంతకమంటే భయం ఆయనకి. బుచ్చమ్మ రేవులో బట్టలు ఉతుకుతూ అడిగింది తనని, వదినా, అన్నయ్య గారితో నువ్వో మాట చెప్పవా అని. అడుగుతున్నప్పుడు తల ఎత్తలేదు, రాయి మీద చీర బాదుతూనే ఉంది. తానే చెప్పింది అన్నం పెడుతూ, పెట్టండి సంతకం, సూరయ్య అన్నయ్య మోసం చేసే మనిషా. మోసం చేసే మనిషి కాదు. నిజమే కదా, ఆ మాట ఇవాళ అడిగినా అదే చెబుతుంది. పడవ వచ్చిన నాడు ఊరంతా రేవులోనే ఉంది. నల్లగా నిగనిగలాడుతూ, నూనె పట్టించిన కొత్త చెక్కల వాసనతో. మాఘమాసంలో అందరూ దాన్లోనే అంతర్వేది తీర్థానికి వెళ్ళారు. ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగుతున్నారు, సాయిబాబు గోనెల మీద నిద్రపోయాడు, తానూ బుచ్చమ్మా అంచు మీంచి చేతులు వేలాడేసి నీళ్ళు తాకుతూ కూర్చున్నారు. బుచ్చమ్మ పులిహోర తెచ్చింది, ఉప్పు మరిచిపోయింది. లాకుల దగ్గర ఆగినప్పుడు సూరయ్య ఒడ్డుకి దూకి ఎవరినో అడిగి ఉప్పు పట్టుకొచ్చాడు, చొక్కా జేబులో పోసుకుని. జేబులో ఉప్పు. ఎంత నవ్వారు. సముద్రం కనపడగానే బుచ్చమ్మ తన చెయ్యి గట్టిగా పట్టుకుంది, భయం వేసి. ఆ పట్టు, ఆ తడి చెయ్యి, ఇప్పటికీ మణికట్టు దగ్గర ఉన్నట్టే ఉంటుంది.

తరవాత రోడ్డు పడింది. రోడ్డు మంచిదే, అందరికీ మంచిదే. లారీ తోట గట్టు దాకా వచ్చి పొద్దున్న ఎత్తిన కాయలు మధ్యాన్నానికి మార్కెట్టులో దింపేస్తుంటే, రెండు రోజులు పట్టే పడవకి కాయలెవరిస్తారు. సూరయ్య ఇంటింటికీ తిరిగేవాడు, ఒక్క లోడు ఇప్పించండి అని. ఈయన తన కాయలు మాత్రం చివరిదాకా పడవలోనే పంపాడు, తాను గొడవ పెట్టింది కూడా, లారీ వాడు ఎక్కువిస్తానంటుంటే మీకెందుకీ పట్టింపని. ఆయన విన్నాడు, విననట్టు ఊరుకున్నాడు. చివరికి పడవ రేవులో కూరుకుపోయింది, పిల్లలు దాని మీంచి నీళ్ళలోకి దూకేవాళ్ళు. సూరయ్యకి పసికర్లు వచ్చాయి, కళ్ళు పచ్చబడ్డాయి, మనిషి దక్కలేదు. అతను పోయిన నెల్లాళ్ళకే మొదటి నోటీసు వచ్చింది తమ ఇంటికి. అప్పుడు కూడా ఇలాగే, ఇదే గట్టు మీద, ఇలాగే మాటలకి పదును పెట్టుకుంటూ వెళ్ళింది. బుచ్చమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది, మెడ బోసిగా. మీ ఆయన పోతూ పోతూ మా మెడకి ఉరితాడు తగిలించి పోయేడు అన్నది తాను. గట్టు మీద మనుషులు పోతున్నారు. బుచ్చమ్మ లేచి లోపలికి వెళ్ళి తలుపులు దగ్గరికి వేసుకుంది. విసురుగా కాదు, నెమ్మదిగా, పిల్లలు నిద్రపోతుంటే వేసుకున్నట్టు. విసురుగా వేసి ఉంటే బాగుండేది, ఇద్దరూ నాలుగు మాటలనుకునేవారు, మూడో నాటికి కలిసిపోయేవారు. ఆ నెమ్మది తలుపు ఇన్నేళ్ళూ తెరుచుకోలేదు. ఆయన ఇంటికొచ్చి సంగతి విని అన్నం ముందు నుంచి లేచిపోయాడు, అంతే, దెప్పలేదు. రేవులో ఎదురుపడితే తాను చూపు తిప్పుకునేది, బుచ్చమ్మ బిందె ఎత్తుకుని పక్కకి తప్పుకునేది. ఆయన పోయిన నాడు బుచ్చమ్మ వచ్చింది, ఆడవాళ్ళందరి వెనకా గోడనానుకుని నిలబడింది, తాను చూసీ పిలవలేదు. తుఫాను తెల్లారి దూడ ఎటు పోయిందో గట్టు మీద చూసి రారా అని సాయిబాబుని పంపింది, దూడ పెరట్లోనే ఉంది, వాడికీ తెలుసు, వచ్చి అడక్కుండానే చెప్పాడు, బుచ్చమ్మత్త ఇల్లు నిలబడే ఉందమ్మా అని.

ఇల్లు నిలబడే ఉంది ఇప్పుడు కూడా. తాటాకు మీద కొత్త ఆకు కప్పించింది కాబోలు. వాకిట్లో పీచు ఎండబోసి ఉంది. భూలక్ష్మి గట్టు దిగింది, మొదటి మాట నాలిక చివర సిద్ధంగా ఉంది, ఏం బుచ్చమ్మా అని. గుమ్మంలో చీర వేలాడుతోంది. పచ్చ చీర, పాతది, పై చెక్కకి రెండు మేకులు కొట్టి తగిలించారు. గాలికి ఊగితే లోపల పొయ్యీ, గోడ వారని తాళ్ళ చుట్టలూ, మంచం, అన్నీ గట్టు మీదికే కనిపిస్తున్నాయి. ద్వారబంధానికి బందులు పీకిన చోట చెక్క తెల్లగా, పచ్చిగా ఉంది. మొదటి మాట ఎక్కడికి పోయిందో పోయింది.

చీర పక్కకి జరిగింది. బుచ్చమ్మ తల అప్పుడే నెరిసిపోయింది, దగ్గర్నుంచి చూసి ఎన్నాళ్ళయింది.

"చెప్పుల్లేకుండా వచ్చేవేంటి వదినా" అన్నది బుచ్చమ్మ. "కాళ్ళు కాలిపోవూ. లోపలికి రా."

"నీ తలుపులేవే?"

"పొద్దున్నే వచ్చి పట్టుకుపోయేరు. పడవ చెక్కలేగా అవి. ఆయన పోయేక పడవ విప్పించి, పనికొచ్చిన చెక్కలతో తలుపులు చేయించుకున్నాను. సొసైటీ వాళ్ళు డబ్బిచ్చి కొనిపించిన పడవే కదా, వాళ్ళది వాళ్ళు పట్టుకుపోయేరు, పోన్లే." చెంబుతో నీళ్ళు తెచ్చి చేతికి కాకుండా కాళ్ళ మీద పోసింది. చల్లగా. "ఆ ఆఫీసరు బాబుతో గట్టిగా చెప్పేను, బాబూ, ఇవి పట్టుకెళ్ళండి, గంగాధరరావు గారి గుమ్మం మాత్రం తొక్కకండి, వాళ్ళకీ దీనికీ ఏం సంబంధం లేదు, పాపం ఆయన సంతకం పెట్టేడంతే అని. ఆయ్ అన్నాడు. ఇంక మీ దాకా రారులే."

 బుచ్చమ్మ భూలక్ష్మి మొహం చూసింది, ఒట్టి కాళ్ళు చూసింది, గట్టు మీదికి, ఊళ్ళోకి చూసింది. చెంబు చేతిలోనే ఉండిపోయింది.

"వచ్చేరా?"

"మా అరుగు మీదే కూర్చున్నారు."

"నేను చెప్పేనే వదినా. నేను చెప్పేనే" అని రెండుసార్లు అన్నది బుచ్చమ్మ, రెండోసారికి ఎవరికీ వినిపించనంత చిన్నగా. తన ఇంటి చెక్కలు ఊడదీస్తుంటే కూడా రాని నీళ్ళు ఇప్పుడొచ్చాయి.

 భూలక్ష్మి ఇంత దూరం నడిచి తెచ్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికొచ్చేది లేదు. ఒంటరి ఆడది, కాలువ గట్టున, తలుపు లేని ఇంట్లో ఎలా పడుకుంటుంది. ఆ చీర ఎవరినాపుతుంది, కుక్కని కూడా ఆపదు. తనకైతే కొడుకున్నాడు, వీధరుగుంది, పక్కింటి వాళ్ళ గోడ తన గోడ ఒకటే, కేకేస్తే పదిమంది. ఇక్కడ కేకేస్తే కప్పలు పలకాలి. ఆ నల్ల చెక్కలు తెస్తే సొసైటీకి ఏమొస్తుంది, పొయ్యిలోకి తప్ప. ఆ పడవ. తడి చెయ్యి. జేబులో ఉప్పు. అప్పు ఒక్కటే కదా. ఒక్కటే అప్పు. ఈ మాట ఇందాకటి నుంచీ ఎందుకు తట్టలేదు.

"చీర తియ్యి" అన్నది భూలక్ష్మి. "మేకులు ఉంచు, తరవాత చూద్దాం. నడు నాతో."

"నేనెక్కడికి వదినా?"

"నడవ్వే చెబుతాను."

బుచ్చమ్మ తన చెప్పులు తెచ్చి భూలక్ష్మి ముందు పెట్టింది. అవి చిన్నవి, మడమలు బయటికొచ్చాయి. వచ్చిన దారినే వెళ్ళారు, ఒకరి వెనక ఒకరు. బంగారయ్య గారి కొట్టు ముందు నుంచి వెడుతుంటే లోపల కాయలు ఒలిచే చప్పుడు ఆగింది.

శామ్యూల్ గారు లేచి నిలబడ్డారు. వెనక బుచ్చమ్మని చూసి తలదించుకున్నారు.

"అమ్మగారూ, నేను ఆవిడతో ఆయ్ అనకుండా ఉండాల్సిందండీ" అన్నారు. "ఆ క్షణంలో కాదనలేకపోయేనండీ."

"అది సరేనండి. నాకొకటి చెప్పండి. అప్పు ఒక్కటా, రెండా?"

"ఒక్కటేనండీ."

"ఒక్క అప్పుకి రెండిళ్ళ తలుపులు ఎలా తీస్తారండీ?"

ఆయన కాగితాల వంక చూశారు. "రూలు ప్రకారం బాకీదారు దగ్గరా జామీనుదారు దగ్గరా ఎక్కడైనా…"

"రూలు నాకు తెలీదు బాబూ. ఇవి టేకు. మా మామగారు రాజమండ్రి నుంచి తెచ్చేరు. ఎంత చేస్తాయో ఆ వడ్రంగినే అడగండి. ఇవి మీ దగ్గరుంటే మేం కట్టకుండా ఉంటామా, కొడుక్కి పెళ్ళి చెయ్యాల్సిన ఇల్లిది. ఇవి పట్టుకెళ్ళండి, దాని చెక్కలు దానికిచ్చెయ్యండి."

"వద్దు వదినా" అని బుచ్చమ్మ కొంగు పట్టుకుని లాగింది. "వద్దండీ బాబూ, ఆవిడ మాట వినకండి."

"నువ్వూరుకో."

 శామ్యూల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ మొహంలో ఏముందో భూలక్ష్మికి అందలేదు, ఆయనకీ ఎక్కడో ఒక ఇల్లుంటుంది, ఒక తల్లి ఉంటుంది, నెలాఖరున పై ఆఫీసరు తిట్టే తిట్లుంటాయి. చివరికి వడ్రంగితో, ఈ రెండు రెక్కలూ తీసి, ఆ నల్ల చెక్కలు కాలవ గట్టు మీద ఆవిడింటికి బిగించి రా అన్నారు. "రాయాల్సింది నేను రాసుకుంటానండీ. మీరు ఎప్పుడు కట్టగలరో ఒక్క మాట చెప్పండి చాలు."

"నెలనెలా కడతాం. పీచు డబ్బులు ఇదిస్తుంది, జీతంలోంచి మావాడిస్తాడు" అన్నది, ఎవరినీ అడక్కుండా. బుచ్చమ్మ ఆయ్ అన్నట్టు తలూపింది.

వడ్రంగి బందుల్లో నూనె చుక్కలు వేశాడు. ఎన్నేళ్ళగానో పట్టేసిన మేకులు కిర్రుమంటూ ఊడి వచ్చాయి. ముందు ఎడమ రెక్క, తరవాత కుడి రెక్క. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ లేవలేదు. చూడలేననుకుంది గానీ చూస్తూనే నిలబడింది, చిలకలు రెండూ వెల్లకిలా ట్రాక్టరులోకి వెళ్ళేదాకా. ఏడుపు రాలేదు. సాయిబాబుకి ఏమని చెప్పాలో మాత్రం స్పష్టంగా తెలిసిపోయింది, దాచుకోవలసింది ఏమీ లేదు గనక. రాజోలు వాళ్ళకీ అంతే. ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. విని ముందుకొచ్చే మనుషులైతే ఆ పిల్ల ఈ ఇంట్లో సుఖపడుతుంది, వెనక్కి పోయే మనుషులైతే టేకు తలుపులు చూపించి మాత్రం తెచ్చుకునేది ఎందుకు.

ట్రాక్టరు గట్టు వైపు తిరిగింది, వడ్రంగి వెనక ఎక్కి కూర్చున్నాడు. బుచ్చమ్మ దాని వెనక వెళ్ళాలి, ఇల్లు చూపించాలి. వెళ్ళకుండా నిలబడింది. గుమ్మంలోంచి లోపలి గది దాకా, అవతల పెరట్లో కట్టేసిన దూడ దాకా ఒక్క చూపుకే కనిపిస్తున్న ఆ ఇంటిని చూస్తూ, "ఆదివారం పిల్ల వాళ్ళొస్తున్నారటగా" అన్నది.

"ఎవరు చెప్పేరు?"

"ఊళ్ళో అనుకుంటున్నారు."

"ఆయ్. పదిమంది దాకా రావచ్చు. బూరెలు వండాలి. నా ఒక్కదానివల్ల ఎక్కడవుతుంది" అన్నది భూలక్ష్మి. అని, అది సరిపోలేదనిపించి, "పొద్దున్నే వచ్చెయ్యి" అన్నది.

బుచ్చమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ట్రాక్టరు వాడు హారను కొడుతున్నాడు. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగింది.

"పప్పు శనివారమే నానబొయ్యి వదినా" అన్నది. "రుబ్బడానికి నేనొస్తాను."